పీహెచ్‌డీకి చేరే ముందు ఆ యంత్రం ఎవరిదో అడగండి

ప్రశ్న: నా వయసు 27. గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు కళాశాలలో బీటెక్ మెకానికల్, తరువాత ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మెషిన్ డిజైన్‌లో ఎంటెక్ చేశాను. రెండున్నరేళ్లుగా మా ఊరికి దగ్గరలోని ఇంజినీరింగ్ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. నెలకు 28,000 రూపాయలు వస్తాయి. ఈ ఏడాది పీహెచ్‌డీకి రెండు చోట్ల ఎంపికయ్యాను. ఒకటి బాగా పేరున్న పాత సంస్థలోని మెకానికల్ విభాగం. అక్కడ గైడ్ ఎవరో మొదటి సెమిస్టర్ చివర తేలుతుందట, సిమ్యులేషన్ పని దొరికే అవకాశం ఎక్కువట. రెండవది అంతగా పేరు లేని కొత్త సంస్థలోని మెటీరియల్స్ విభాగం. త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన టైటానియం మిశ్రమలోహం ఫెటీగ్ (పదేపదే పడే బలానికి లోహం అలసి విరగడం) మీద పనిచేయడానికి అక్కడ ఒక యువ అధ్యాపకుడు నన్ను తీసుకుంటానన్నారు. నేను ఫేజ్ డయాగ్రమ్ (ఏ వేడిలో, ఏ మిశ్రమంలో లోహం ఏ రూపంలో ఉంటుందో చూపే పటం) ముట్టుకుని ఐదేళ్లు దాటింది. ఇంట్లోవాళ్లు ఉద్యోగం వదలకుండా పార్ట్‌టైమ్‌లో చేయమంటున్నారు. ‘33 ఏళ్లకు బయటికి వచ్చి ఏం ఉద్యోగం చేస్తావు’ అని నాన్నగారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏది ఎంచుకోవాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా మొగ్గు రెండవ సంస్థ వైపే ఉంది. అయితే దానికొక షరతు ఉంది. ఆ అధ్యాపకుడి దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థులతో మాట్లాడి, కింద నేను చెప్పబోయే కొన్ని సంగతులు వారి నోటి నుంచి విన్న తరువాతే మీరు సరే అనాలి. పార్ట్‌టైమ్ సలహాను మాత్రం, ఈ అంశానికి సంబంధించినంతవరకు, ఇప్పుడే పక్కన పెట్టేయవచ్చు. కారణాలు చెబుతాను.

ముందుగా ఫేజ్ డయాగ్రమ్ సంగతి. దాదాపు క్షమాపణ అడుగుతున్నట్లు ఆ వాక్యం రాశారు, అంత అవసరం లేదు. నేను కూడా మెకానికల్ నుంచే ఈ వైపుకు వచ్చినవాడిని. మొదటి సెమిస్టర్‌లో లోహశాస్త్రం చదివి వచ్చినవాళ్ల మధ్య కూర్చుని డిఫ్యూజన్ సమీకరణాలు నోట్సులో దించుకుంటున్నప్పుడు కలిగిన బెరుకు నాకు ఇంకా గుర్తుంది. అయితే ఫెటీగ్, ఫ్రాక్చర్ (పగులు) అనే విషయాలు పుట్టిందే ఈ రెండు శాఖల సరిహద్దు మీద. 19వ శతాబ్దం మధ్యలో రైలు ఇరుసులు మామూలు బరువుకే, కొన్నాళ్లు తిరిగాక ఎందుకు విరిగిపోతున్నాయో ఏళ్ల తరబడి పరీక్షించి చూసిన ఔగుస్ట్ వూలర్ రైల్వే ఇంజినీరు. గాజు సిద్ధాంతపు లెక్క చెప్పినదానికంటే ఎన్నో రెట్లు తక్కువ ప్రతిబలానికే (ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే బలానికే) ఎందుకు పగులుతుందో 1921లో వివరించిన గ్రిఫిత్ లివర్‌పూల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవారు, ఆ పని చేసిన కాలంలో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో ఉండేవారు. మీకు ఇప్పుడు లేనివి స్ఫటిక నిర్మాణం, ఫేజ్ మార్పులు, డిస్‌లొకేషన్ల (స్ఫటికంలోని వరుస లోపాల) సిద్ధాంతం, మైక్రోస్కోపీ. రెండు సెమిస్టర్ల కోర్స్‌వర్క్‌తో, ఒక ఏడాది శాంపిళ్లు పాలిష్ చేసిన అనుభవంతో వీటిలో చాలా భాగం వచ్చేస్తుంది. మీకు ఇప్పటికే ఉన్నవి, అంటే ప్రతిబలాల అంచనా, ఫైనైట్ ఎలిమెంట్ లెక్క (భాగాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో చేసే లెక్క), శాంపిల్‌ను పట్టుకునే ఒక ఫిక్స్చర్ డ్రాయింగ్ గీసి వర్క్‌షాప్‌లో చేయించుకోగల నేర్పు, మెటలర్జీ నుంచి వచ్చే మీ తోటివారికి అంత తొందరగా రావు. గ్రిప్పు సరిగా అమరక శాంపిల్ మధ్యలో విరగవలసింది దవడల దగ్గర విరిగిపోతుంటే ల్యాబ్ మొత్తం మీ దగ్గరికే వస్తుంది.

మీకు చెప్పిన అంశాన్నే తీసుకుని చూడండి. టైటానియంలో బరువు లెక్కన 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన మిశ్రమలోహం విమానాల్లోనూ, శరీరంలో అమర్చే ఇంప్లాంట్లలోనూ దశాబ్దాలుగా ఉన్నదే. దాని పొడిని మిల్లీమీటరులో వందో వంతులు కొన్ని మాత్రమే ఉండే మందాన పొరగా పరిచి, లేజరుతో కావలసినచోట కరిగించి, మళ్లీ పొర పరుస్తూ పోతే భాగం తయారవుతుంది. ఆ కరిగిన చుక్క ఎంత వేగంగా చల్లారుతుందంటే, లోపల మామూలుగా ఏర్పడే నిర్మాణానికి బదులు సన్నని సూదుల్లాంటి మార్టెన్‌సైట్ ఏర్పడుతుంది. బలం పెరుగుతుంది, సాగే గుణం తగ్గుతుంది. రెండు పొరల మధ్య సరిగా కరగని చోట చిన్న ఖాళీలు మిగులుతాయి, ఉపరితలం గరుకుగా ఉంటుంది, లోపల అవశేష ప్రతిబలాలు (బయటి బరువు లేకపోయినా మిగిలే బిగువు) చిక్కుకుపోతాయి. ఫెటీగ్ పగులు సాధారణంగా ఆ ఖాళీ దగ్గరో, ఆ గరుకు దగ్గరో మొదలవుతుంది. భాగాన్ని దాదాపు 920 డిగ్రీల సెల్సియస్ వేడిలో, వెయ్యి వాతావరణ పీడనాలకు దగ్గరగా ఉన్న ఆర్గాన్ ఒత్తిడిలో రెండు గంటలు ఉంచితే లోపలి ఖాళీలు చాలావరకు మూసుకుంటాయి. కానీ ఆ వేడికి సూదుల నిర్మాణం కూడా ముతకబడుతుంది, ఉపరితలానికి తెరుచుకుని ఉన్న ఖాళీలు మూసుకోవు. ఒక ఖాళీ ఎంత పెద్దదైతే ఎంత ఆయుష్షు తగ్గుతుందో లెక్కగట్టడం మెకానికల్ పని, ఆ ఖాళీ అక్కడ ఎందుకు మిగిలిందో చెప్పడం మెటీరియల్స్ పని. రెండూ చేయగలవారు తక్కువ. అంశం మంచిదే అంటున్నాను.

అయితే మంచి అంశం ఒక్కటే థీసిస్‌ను పూర్తి చేయించదు. మా రంగంలో పీహెచ్‌డీ ఎన్నేళ్లు పడుతుందన్నది విద్యార్థి తెలివికంటే యంత్రాల ముందున్న వరుస మీద ఎక్కువగా ఆధారపడుతుంది. బయటివారికి ఇది వింతగా ఉంటుంది కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. సాధారణంగా ల్యాబుల్లో ఉండే, నూనె ఒత్తిడితో నడిచే సర్వో హైడ్రాలిక్ యంత్రం మీద సెకనుకు 10 సార్లు చొప్పున బలాన్ని పెంచుతూ దించుతూ పోతే, ఒక శాంపిల్ విరగకుండా కోటి ఆవృత్తులు పూర్తి చేయడానికి 10 లక్షల సెకన్లు పడుతుంది, అంటే పదకొండున్నర రోజులు. సెకనుకు 100 సార్లు కంపించే రెజొనెన్స్ రకం యంత్రం ఉంటే అదే పని 28 గంటల్లో అయిపోతుంది. ఇప్పుడు మీ థీసిస్‌కు కావలసిన కనీసపు ప్రణాళిక ఊహించుకోండి. నిలువుగా ప్రింట్ చేసినవి, అడ్డంగా ప్రింట్ చేసినవి, ఒక్కోదానిలో ఆ వేడి ఒత్తిడి ప్రక్రియ చేసినవి, చేయనివి, మొత్తం నాలుగు రకాలు. ఒక్కో రకానికి ఐదు ప్రతిబల స్థాయులు, ఒక్కో స్థాయిలో నాలుగు శాంపిళ్లు. ఫెటీగ్ ఫలితాలు ఒకే స్థాయిలో కూడా పదింతలు అటూ ఇటూ చెదిరిపోవడం మామూలే కాబట్టి అంతకంటే తగ్గిస్తే పరీక్షకులు ఒప్పుకోరు. ఇవి 80 శాంపిళ్లు. కొన్ని గంటలోనే విరిగిపోతాయి, కొన్ని పది రోజులు నడుస్తాయి. సగటున రెండు రోజులనుకుంటే 160 రోజుల యంత్రకాలం. ఆ యంత్రాన్ని ముగ్గురు విద్యార్థులు పంచుకుంటే 480 రోజులు, ఏడాదీ నాలుగు నెలలు. మధ్యలో ఒకసారి పంపు చెడిపోతే, ఒకసారి బలాన్ని కొలిచే లోడ్ సెల్‌ను సరిచూడడానికి బయటికి పంపవలసి వస్తే, లెక్క రెండేళ్లకు చేరుతుంది. క్రీప్ (వేడిలో నిలకడ బరువుకు లోహం మెల్లగా సాగిపోవడం) మీద పనిచేసేవారి పరిస్థితి ఇంకా నిదానం. 10,000 గంటల పరీక్ష ఒక్కటే 417 రోజులు.

నా పీహెచ్‌డీలో ఒక వాక్యూమ్ ఫర్నేస్ పంపు చెడిపోయి ఏడు నెలలు నిలిచిపోయింది. కొత్త పంపు కొనడానికి డబ్బు ఉంది, కానీ ఆ ఫర్నేస్ మా గైడ్‌ది కాదు, పక్క ల్యాబ్‌ది. వారికి ఆ ఏడాది దాని అవసరం లేదు, అందుకని బాగుచేయించే తొందర కూడా లేదు. నేను రోజూ వెళ్లి ఆ గది తలుపు తెరిచి చూసి వచ్చేవాడిని. అప్పటి నుంచి పీహెచ్‌డీకి చేరబోయేవారు ఎవరు సలహా అడిగినా నేను మొదట వేసే ప్రశ్న ఇదే: మీరు వాడబోయే యంత్రం ఎవరిది? గైడ్ స్వంత ప్రాజెక్టు డబ్బుతో కొన్నదా, విభాగానిదా, సంస్థ మొత్తానికి ఉన్న కేంద్ర సదుపాయమా, వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడిదా? ఒక్కోదానికి ఒక్కో రకం వరుస ఉంటుంది.

అందువల్ల ఆ యువ అధ్యాపకుడి విద్యార్థులను అడగవలసిన సంగతులలో యంత్రాన్ని మొదట పెట్టండి. ప్రింటింగ్ యంత్రం ఆ ప్రాంగణంలోనే ఉందా, బయట డబ్బు కట్టి చేయిస్తున్నారా అని అడగండి. బయట చేయిస్తుంటే లేజర్ శక్తి, వేగం, పొర మందం వంటి సంఖ్యలు వారు చెబుతారా, దాచుకుంటారా అన్నది కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ సంఖ్యలు లేకపోతే మీ పేపర్‌ను మంచి జర్నల్ తీసుకోదు. ఫెటీగ్ యంత్రం రాత్రిపూట, సెలవు రోజుల్లో నడపనిస్తారా? స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ స్లాట్ నెలకు ఎన్ని గంటలు దొరుకుతుంది? ఆ తరువాత గైడ్ సంగతి. వారంలో ఒకసారైనా కూర్చుని ఫలితాలు చూస్తారా, రాసిచ్చిన డ్రాఫ్ట్ ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది, ప్రాజెక్టు గడువు ఏ సంవత్సరంతో ముగుస్తుంది, ఇప్పటివరకు ఎవరైనా మధ్యలో మానేశారా, మానేస్తే ఎందుకు. ఈ చివరి ప్రశ్నను ఫోన్‌లో అడగండి, మెయిల్‌లో అడిగితే నిజం రాదు. ఆ అధ్యాపకుడి దగ్గర ఇంకా ఎవరూ పీహెచ్‌డీ పూర్తి చేయకపోవచ్చు; యువకుడు కాబట్టి అది తప్పేమీ కాదు. మొదటి విద్యార్థి కావడంలో ఒక నష్టం, ఒక లాభం ఉన్నాయి. ల్యాబ్ కట్టడంలో మీ మొదటి ఏడాది సగం పోతుంది. మరోవైపు, తన స్వంత ప్రమోషన్ కూడా మీ పేపర్ల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆయన మిమ్మల్ని మరచిపోయే ప్రమాదం తక్కువ.

ఇక పేరున్న సంస్థ. దాన్ని నేను తీసిపారేయడం లేదు. ఆ పేరు జీవితాంతం మీ బయోడేటాలో ఉంటుంది, మన దేశంలో ఎంపిక కమిటీలు ఆ పేరు చూడవని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడి కోర్స్‌వర్క్ గట్టిది, తోటి విద్యార్థుల స్థాయి మిమ్మల్ని కూడా పైకి లాగుతుంది. గైడ్‌ను సెమిస్టర్ చివర కేటాయించే పద్ధతి కూడా 22 ఏళ్లవారికి మంచిదే, నాలుగు ల్యాబులు చూసి ఎంచుకోవచ్చు. కానీ మీ విషయంలో, మిమ్మల్ని పిలిచి మాట్లాడి, ఒక నిర్దిష్టమైన ప్రశ్న మీ ముందు పెట్టి తీసుకుంటానన్న మనిషి ఒకవైపు, మీరెవరికి దక్కుతారో తెలియని పరిస్థితి మరోవైపు ఉన్నప్పుడు, నేను మనిషినే ఎంచుకుంటాను. పెద్ద విభాగంలో అందరూ కోరుకునే ఇద్దరు ముగ్గురు గైడ్ల దగ్గర చోటు, కేటాయింపు తేదీ రాకముందే మాటల్లో నిండిపోయి ఉండడం నేను చూశాను.

సిమ్యులేషన్ గురించి ఒక మాట. ప్రయోగం చేసేవాళ్లలో సిమ్యులేషన్‌ను చిన్నచూపు చూసే అలవాటు ఉంది, అది మంచి అలవాటు కాదు. అబాకస్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్రిస్టల్ ప్లాస్టిసిటీ (స్ఫటికాలు ఎలా వంగుతాయో చెప్పే) మోడల్ రాయగలవారు, లాంప్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో అణువుల స్థాయి లెక్కలు నడపగలవారు నేడు ప్రపంచంలో ఎక్కడికైనా వెళ్లగలుగుతున్నారు. వారికి పంపు చెడిపోవడం, శాంపిల్ గ్రిప్పులో విరగడం వంటి బాధలు లేవు. అయితే ఏ కొలతతోనూ సరిచూడని సిమ్యులేషన్ థీసిస్‌లు కూడా బోలెడు ఉన్నాయి, వైవాలో మొదటి ప్రశ్నకే అవి తడబడతాయి. మీరు రెండవ సంస్థకే వెళ్తే, మీ మెషిన్ డిజైన్ చదువును వదిలిపెట్టకుండా, ఎక్స్‌రే టోమోగ్రఫీలో (శాంపిల్‌ను కోయకుండానే లోపలిది చూపే స్కాన్‌లో) కనిపించిన అసలు ఖాళీ ఆకారాన్ని ఫైనైట్ ఎలిమెంట్ మోడల్‌లోకి తెచ్చి దాని చుట్టూ ప్రతిబలం ఎలా పోగవుతుందో చూపించే ఒక అధ్యాయం తప్పక పెట్టుకోండి. యంత్రం ఖాళీ లేని నెలల్లో చేయడానికి పని ఉంటుంది, బయటికి వచ్చాక రెండు రకాల ఉద్యోగాలకూ దరఖాస్తు పెట్టగలుగుతారు.

పార్ట్‌టైమ్ ఎందుకు వద్దంటున్నానో పై లెక్కలో ఇప్పటికే సగం ఉంది. వారానికి 16 గంటలు క్లాసులు చెప్పి, అక్రెడిటేషన్ ఫైళ్లు నింపి, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరిగే అధ్యాపకురాలు, రాత్రి రెండు గంటలకు శాంపిల్ విరిగితే తెల్లవారేలోపు ఇంకొకటి బిగించే పని చేయలేరు. విరిగిన ముఖాన్ని ఆలస్యం లేకుండా భద్రపరచకపోతే దుమ్ము, వేలిముద్రలు పడి మైక్రోస్కోప్ కింద చూడవలసినదే చెరిగిపోతుంది. యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తున్నాయి, నిజమే. కొన్ని విషయాలకు, ముఖ్యంగా ఇప్పటికే ప్రయోగశాలలోనో పరిశ్రమలోనో పనిచేస్తూ ఆ పనినే థీసిస్‌గా మలుచుకునేవారికి అది సరైనదే. కళాశాలలో యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్ తప్ప ఇంకేమీ లేని చోట కూర్చుని ఫెటీగ్ థీసిస్ చేయడానికి మాత్రం అది దారి కాదు. అలా మొదలుపెట్టినవారిలో కొందరు చివరికి డబ్బు కడితే అచ్చువేసే జర్నళ్ల వైపు జారిపోవడం చూస్తున్నాను. ఆ పేపర్లు తరువాత ఎక్కడా అక్కరకు రావు, పైగా ఎంపిక కమిటీలో తెలిసినవారు ఉంటే అవే అడ్డమవుతాయి.

డబ్బు విషయంలో మీ ఇంటివారికి ఒక లెక్క చూపించండి. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. ఐఐటీల వంటి కేంద్ర సంస్థల అసిస్టెంట్‌షిప్ కూడా ఇంతే. ఐదేళ్లకు మొత్తం 24 లక్షలు. మీరు ఇప్పుడు అందుకుంటున్న 28,000తో పోల్చితే నెలకు 9,000 ఎక్కువే వస్తుంది. ఉద్యోగం వదిలి విద్యార్థిగా వెళ్తే ఆదాయం పెరగడం ఏమిటని మీ నాన్నగారు ఆశ్చర్యపోవచ్చు. మన ప్రైవేటు కళాశాలల్లో మెకానికల్ అధ్యాపకుల జీతాల తీరు అలా ఉంది, ఏం చేస్తాం. అయితే ఫెలోషిప్ సాధారణంగా ఐదేళ్లకే ఆగిపోతుంది, ఆరో ఏడాది స్వంత ఖర్చు, అందుకే యంత్రం గురించి అంతగా చెప్పాను. ప్రాజెక్టు డబ్బుతో ఇచ్చే ఫెలోషిప్ అయితే ప్రాజెక్టు ముగిసినప్పుడు ఏమవుతుందో రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్న. దాన్ని తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే అధ్యాపక ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుంటే ఆయన భయం న్యాయమైనదే. ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి గ్రేడ్‌కు మూల వేతనం 1,01,500 రూపాయలతో మొదలవుతుంది, కానీ సాధారణంగా పీహెచ్‌డీ తరువాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. అంటే విదేశంలోనో ఇక్కడో ఒకటి రెండు పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తరువాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) చేయాలి. యూజీసీ వేతనాలున్న విశ్వవిద్యాలయంలో మొదలు 57,700. ప్రకటనలు ఎప్పుడు వస్తాయో, వచ్చినవి ఎప్పుడు పూర్తవుతాయో చెప్పలేము. మన రాష్ట్రాల ప్రైవేటు కళాశాలల్లో మెకానికల్ సీట్లు తగ్గి కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరుగుతున్న సంగతి మీరు నాకంటే దగ్గర నుంచి చూస్తున్నారు. కాబట్టి ఈ థీసిస్‌ను ప్రొఫెసర్ ఉద్యోగానికి మాత్రమే టిక్కెట్టుగా భావిస్తే నేను కూడా వద్దనే అంటాను.

కానీ ఫెటీగ్, టైటానియం తెలిసిన మనిషికి అవసరం ఎక్కడెక్కడ ఉందో చూడండి, అందులో చాలా భాగం మన హైదరాబాద్‌లోనే ఉంది. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయం, అందరూ డీఎంఆర్‌ఎల్ అనే సంస్థ, 1963 నుంచి పనిచేస్తోంది. 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 ఏకస్ఫటిక టర్బైన్ బ్లేడ్లను విమానాలు, హెలికాప్టర్లు తయారుచేసే హెచ్‌ఏఎల్‌కు అందించింది వారే. దాని పక్కనే టైటానియం, సూపర్‌అల్లాయ్‌లు కరిగించి పోతపోసే మిధాని, ఊరికి మరో వైపు అణు ఇంధన సముదాయం, బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీకి (లోహపు పొడితో భాగాలు చేసే పనికి) పేరుపడిన పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ. కాస్త దూరం వెళ్తే కల్పాక్కంలో ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, తిరువనంతపురంలో ఇస్రో, బెంగళూరులో నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, జంషెడ్‌పూర్‌లో నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ, టాటా స్టీల్ పరిశోధన విభాగం ఉన్నాయి. ప్రైవేటు వైపు బెంగళూరులో 2000లో మొదలైన జీఈ పరిశోధన కేంద్రం ఉంది. 2022 నవంబరులో విక్రమ్-ఎస్‌ను ఎగరేసిన హైదరాబాద్ సంస్థ స్కైరూట్, 2024 మేలో త్రీడీ ప్రింట్ చేసిన ఇంజిన్‌తో రాకెట్ ఎగరేసిన చెన్నై సంస్థ అగ్నికుల్ ఉన్నాయి. ప్రింట్ చేసిన భాగం ఎన్నిసార్లు ఒత్తిడి భరిస్తుందన్న మీ ప్రశ్నే వారికి రోజూ ఎదురయ్యే ప్రశ్న. వీటిలో ఏదీ మీకోసం కుర్చీ వేసి ఎదురుచూస్తోందని అనడం లేదు. వయోపరిమితులు, అడిగే అర్హతలు ప్రతి ప్రకటనలోనూ వేరుగా ఉంటాయి, మూడో ఏడాది నుంచే వాటిని చదవడం అలవాటు చేసుకోండి.

ప్రయోగశాలకు, విశ్వవిద్యాలయానికి మధ్య గోడ కూడా మీ ఇంట్లో అనుకుంటున్నంత ఎత్తు కాదు. పల్లె రామారావుగారు డీఎంఆర్‌ఎల్‌కు డైరెక్టరుగా చేసి, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శిగా పనిచేసి, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పి. రామచంద్రరావుగారు జంషెడ్‌పూర్ ప్రయోగశాల డైరెక్టరుగా పనిచేసి బనారస్ హిందూ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ పదవికి వెళ్లారు. అంత ఎత్తుకు అందరూ చేరరు, కానీ కింది మెట్ల మీద కూడా ఈ రాకపోకలు జరుగుతూనే ఉంటాయి.

విదేశీ పోస్ట్‌డాక్ గురించి ఇప్పుడే ఆలోచించనక్కరలేదు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: జర్మనీలో మా రంగం పెద్దది, డ్యూసెల్‌డార్ఫ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వంటి చోట్ల మీ థీసిస్ విషయం నేరుగా పనికి వస్తుంది. అక్కడివారు మిమ్మల్ని గుర్తుపట్టేది మీ పేపర్లోని ఒక మంచి బొమ్మ వల్ల, సమావేశంలో మీరు ఇచ్చిన పదిహేను నిమిషాల ప్రసంగం వల్ల. రెండో ఏడాది ఐఐఎం వార్షిక సమావేశానికి తప్పక వెళ్లండి. ఐఐఎం అనగానే మీ ఇంట్లో మేనేజ్‌మెంట్ చదువు అనుకుంటారు. నేను చెప్పేది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటల్స్.

మీరు రాయలేదు కానీ 27 ఏళ్ల అమ్మాయి ఇంట్లో వచ్చే ఇంకో మాట కూడా నేను ఊహించగలను. యూజీసీ 2022 నిబంధనల్లో గరిష్ఠ కాలపరిమితి ఆరేళ్లు, మహిళలకు దానిపైన రెండేళ్ల సడలింపు, పీహెచ్‌డీ కాలం మొత్తంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. ఐఐటీల వంటి సంస్థలకు స్వంత నియమాలు ఉంటాయి కాబట్టి చేరబోయే చోట అడిగి తెలుసుకోండి. ఈ విషయం గైడ్‌తో ముందే మాట్లాడవలసిన బాధ్యత మీకేమీ లేదు, కానీ ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న అమ్మాయిలను అడిగితే నియమాలు చెప్పనివి కూడా తెలుస్తాయి. రాత్రి పదకొండుకు ల్యాబ్ నుంచి హాస్టలుకు వెళ్లే దారిలో దీపాలు ఉన్నాయా అన్నది కూడా ఫెటీగ్ చేసే విద్యార్థినికి పరిశోధన ప్రశ్నే.

చేరాలని నిర్ణయించుకుంటే మొదటి రోజు నుంచి ఒక పని తప్పకుండా చేయండి. ప్రతి శాంపిల్‌కు ఒక సంఖ్య, ఆ సంఖ్య కింద పొడి ఏ డబ్బాలోది, ప్లేటు మీద ఏ మూల ప్రింట్ అయింది, ఏ తేదీన వేడి చేశారు, ఎలా చల్లార్చారు అన్నీ నోటు పుస్తకంలో రాయండి. నేను ఒకసారి ఫర్నేస్ చల్లారిన వేగం రాసుకోలేదు, తరువాత సరిచూసుకుంటానులే అనుకున్నాను. ఏడాదిన్నర తరువాత రివ్యూయర్ సరిగ్గా ఆ సంఖ్యే అడిగారు. పదకొండు శాంపిళ్లు మళ్లీ చేశాను.

చివరగా, మీరు అడగకపోయినా ఆలస్యం చేయకూడని సంగతి ఒకటి ఉంది. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పుడు మీ దగ్గరే ఉన్నాయా, కళాశాల ఆఫీసులో ఉన్నాయా? అధ్యాపకుల ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ చెబుతున్నా చాలా కళాశాలలు ఆ అలవాటు మానలేదు. నోటీసు కాలం పూర్తి కాలేదనో, సెమిస్టర్ మధ్యలో వెళ్తున్నారనో వాటిని ఇవ్వకుండా తిప్పుతారు. పీహెచ్‌డీ చేరే రోజున అవి చూపించమంటారు. మీ నియామక పత్రంలో నోటీసు కాలం ఎంతో ఈ రాత్రే చూసుకోండి, రాజీనామా ఇవ్వకముందే ఏదైనా ధ్రువీకరణ అవసరం చెప్పి ఒరిజినల్స్ అడిగి తెచ్చుకోండి, రిలీవింగ్ లెటర్ కోసం రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి దాని ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఆ పని అయ్యాక, ఆ ల్యాబ్ విద్యార్థులతో మాట్లాడినప్పుడు ఏం తెలిసిందో నాకు మళ్లీ రాయండి. ఫెటీగ్ యంత్రం ఎవరిదన్న జవాబు అందులో తప్పకుండా ఉండాలి.